మంచు కొండకెళ్లేవాళ్లు ముందు వాలు కొలవడం నేర్చుకోవాలి

దసరా దాటిందంటే చాలు, గుణుపురం, పర్లాకిమిడి, రాయగడ కుర్రాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో మంచు ట్రెక్కుల పోస్టర్లు తిరగడం మొదలవుతుంది. ఉత్తరాఖండ్‌లో కేదార్‌కంఠ, బ్రహ్మతాల్, కువారీ పాస్. తిండి, టెంటు, గైడు అన్నీ కలిపి మనిషికింత. కింద తెచ్చుకోవాల్సిన సామాను జాబితా: థర్మల్ లోదుస్తులు, రెండు జతల గ్లౌజులు, చెవులు మూసే టోపీ, నల్ల కళ్లద్దాలు, పవర్ బ్యాంకు. చివర్లో "కొత్తవాళ్లకూ సులువే" అని ఒక ముక్క. గ్రూపులో పడే ప్రశ్నలూ ఆ జాబితా చుట్టూనే తిరుగుతాయి. చలి ఎంతుంటుంది, బూట్లు అద్దెకిస్తారా, ఎత్తుకి తలనొప్పి వస్తే ఏ మాత్ర వేసుకోవాలి, పైన సిగ్నల్ అందుతుందా. దారి ఎన్ని డిగ్రీల వాలు మీదుగా పోతుంది, ఆ దారికి పైన ఏముంది అని మాత్రం ఎవరూ అడగరు. వాలు మీది మంచు ఒక్కసారిగా తెగి కిందికి దూసుకొచ్చే అవలాంచ్ ఎవరికీ గుర్తే రాదు.

నా వాదన అక్కడే మొదలవుతుంది. మంచు ఎరగని ఊళ్ల నుంచి వెళ్లే మనం, అక్కడ పేరుకున్న మంచు గట్టిదా కాదా అని తేల్చే పనికి దిగకూడదు. ఆ విద్య ఒకే లోయలో ఏళ్ల తరబడి ఉన్నవాళ్లకే సరిగ్గా పట్టుబడదు. వాలు కొలవడం మాత్రం ఒక్క పూటలో వస్తుంది. దానికి హిమాలయం దాకా పోనక్కర్లేదు, మన గజపతి జిల్లా మహేంద్రగిరి చాలు. 30 డిగ్రీల లోపు వాలు మీద, తలపైన అంతకన్నా నిటారు వాలు లేని చోట నడిచేవాడు మంచు గురించి పొరబడినా చాలావరకు బతికి బయటపడతాడు. 38 డిగ్రీల వాలెక్కినవాడి అంచనా ఒక్కసారి తప్పినా ఇంటికి కబురే వస్తుంది.

ఇంటి మెట్ల వాలు

మనుషుల్ని చంపే అవలాంచ్‌లలో ఎక్కువ భాగం పలక రకానివి. పైన ఒకదానికొకటి అతుక్కున్న మంచు పలక, దాని కింద పట్టులేని ఓ సన్నని పొర, ఆ కింద జారడానికి నున్నటి అడుగు. మనిషి బరువుకి ఆ సన్నని పొర ఒకచోట కూలుతుంది. పగులు క్షణాల్లో వాలంతా పాకి పలక మొత్తం కదులుతుంది. ఇలా తెగేవన్నీ దాదాపుగా 30 నుంచి 45 డిగ్రీల వాలుల మీదే తెగుతాయి, 38 దగ్గర అన్నిటికన్నా ఎక్కువ. 30 లోపు అరుదు. 50 దాటితే మంచు అంతగా పేరుకోదు, కురుస్తున్నప్పుడే కొంచెం కొంచెంగా జారిపోతుంటుంది.

30 డిగ్రీలంటే ఎంతో చూడాలంటే ఇంట్లో మెట్ల దగ్గరికెళ్లి టేపు పట్టండి. మెట్టు ఎత్తు 6 అంగుళాలు, అడుగు పెట్టే వెడల్పు 10 అంగుళాలు ఉంటే ఆ మెట్ల వరస 31 డిగ్రీల వాలు. ఎత్తు 7 అంగుళాలైతే 35. రోజూ మూట మోసుకుని ఎక్కే మేడమెట్లే అవలాంచ్ వాలు. అందుకే "అంత నిటారుగా ఏం లేదులే" అన్న మాటకి విలువ లేదు. ప్రాణం తీసే వాలు కంటికి నిటారుగా కనబడదు, కాళ్లకి హాయిగానే ఉంటుంది.

కొలిచే పద్ధతి చెబుతాను. ఫోన్‌లో వాలు చూపించే యాప్ ఉంటుంది, లేదా కోణం ముల్లు ఉన్న దిక్సూచి కొనుక్కోవచ్చు. ఫోన్‌ని నేరుగా మంచు మీద పెట్టకూడదు, చిన్న గుంట ఉన్నా అయిదారు డిగ్రీల తేడా వచ్చేస్తుంది. నీళ్లు పోస్తే ఏ దిక్కుకి జారతాయో ఆ దిక్కున నడక కర్రని వాలు మీద పడుకోబెట్టి, కర్ర మీద ఫోన్ ఆనించాలి. కర్ర పొడవునా సగటు వస్తుంది. మరి వాలు మీద అడుగుపెట్టకుండా కొలవాలంటే? పక్కనుంచి, వాలు అంచు గీత కనిపించే చోట నిలబడి, ఫోన్ అంచుని ఆ గీతకి సమంగా పట్టుకోవాలి. ఎదురుగా నిలబడి చూస్తే కన్ను మోసపోతుంది. కింది నుంచి చూస్తే ఒకలా, పైనుంచి చూస్తే ఇంకోలా ఉంటుంది.

పటం మీదా పని జరుగుతుంది. 1:50,000 పటంలో 40 మీటర్ల ఎత్తు తేడాతో గీసిన రెండు గీతల మధ్య దూరం 1.4 మిల్లీమీటర్లకన్నా తక్కువుంటే అక్కడ 30 డిగ్రీలు దాటినట్టే. ఫోన్ పటాల్లో వాలుని బట్టి రంగులు వేసి చూపించేవి ఇంకా సులువు. అయితే వాటినే పూర్తిగా నమ్మకూడదు. మన హిమాలయాలకి ఉచితంగా దొరికే ఎత్తు లెక్కలు ఎక్కువగా 30 మీటర్ల గళ్లవి. పది మీటర్ల ఎత్తున్న 38 డిగ్రీల గట్టు ఆ గడిలో కలిసిపోయి, పటంలో 25గా కనబడుతుంది. మనిషిని పూడ్చడానికి పది మీటర్ల గట్టు చాలు, ముఖ్యంగా దాని కింద వాగు గొయ్యి ఉంటే. అక్కడ కొంచెం మంచు జారినా లోతుగా పేరుకుంటుంది.

రెండో కొలత పైకి కొలిచేది. చాలామంది ట్రెక్ లీడర్లు దీన్ని వదిలేస్తారు. మనం నిలబడ్డ చోటు చదునే కావచ్చు, టెంట్లు వేసిన మైదానమే కావచ్చు. అక్కణ్నుంచి పైనున్న మంచు వాలు నెత్తి దాకా ఫోన్ అంచుతో గురి చూడాలి. ఆ కోణం 25 డిగ్రీలు దాటితే పైనుంచి వచ్చేది మనల్ని అందుకోగలదు. 18 నుంచి 25 మధ్య పెద్దవి అప్పుడప్పుడు వస్తాయి. 18 లోపుంటే చాలావరకు నిశ్చింత. 2025 ఫిబ్రవరి 28న బదరీనాథ్ పైన మానా దగ్గర రోడ్డు పనివాళ్ల శిబిరాన్ని అవలాంచ్ ముంచేసింది. 54 మంది చిక్కుకున్నారు. 46 మందిని బయటికి తీశారు, 8 మంది పోయారు. వాళ్లలో ఎవరూ వాలెక్కలేదు, కంటైనర్లలో పడుకుని ఉన్నారు. 2023 ఏప్రిల్ 4న సిక్కింలో నాథులా వెళ్లే రోడ్డు మీద 7 మంది పర్యాటకులు పోయారు. వాళ్లకు అనుమతి 13వ మైలు దాకానే, ప్రమాదం జరిగింది అది దాటాక. రోడ్డు మీదున్నాం కదా, ఏప్రిల్ కదా అన్న ధైర్యం వాళ్లని కాపాడలేదు.

దేవదారు చెట్ల మధ్య ఉన్నాం కాబట్టి భయం లేదన్న మాట కూడా తరచూ వినిపిస్తుంది. మనిషి దూరి నడవడానికి ఇబ్బందిపడేంత చిక్కని అడవైతే నిజమే. చెట్టుకీ చెట్టుకీ మధ్య హాయిగా నడిచే చోటైతే మంచు కూడా హాయిగా నడుస్తుంది, పైగా చెట్ల మొదళ్లకి మనిషిని కొడుతుంది. చెట్లకి పైవైపు కొమ్మలు విరిగిపోయి, కిందివైపు మాత్రమే ఉన్నాయంటే అటుగా మంచు ఇదివరకే దిగిందని అర్థం. పెద్ద చెట్లన్నీ ఉన్న అడవిలో ఒక్క చీలికలో మాత్రం పొదలూ లేత మొక్కలూ ఉన్నా అదే అర్థం.

హుద్‌హుద్ ఉత్తరానికి పోయి ఏం చేసింది

2014 అక్టోబరు 12 మన జిల్లాల్లో ఎవరికీ గుర్తు చెయ్యక్కర్లేదు. విశాఖని ఊడ్చేసిన హుద్‌హుద్ బలహీనపడి ఉత్తరానికి పోయిందని రేడియోలో విని ఊపిరి పీల్చుకున్నాం. ఆ మిగులు తేమే రెండు రోజుల తర్వాత, 14వ తేదీన, నేపాల్ అన్నపూర్ణ ప్రాంతం మీద మంచై కురిసింది. 5,416 మీటర్ల థొరాంగ్ లా కనుమ చుట్టూ, ధవళగిరి వైపున, మంచు తుపానులోనూ అవలాంచ్‌ల కిందా 43 మంది పోయారు. అక్టోబరంటే అక్కడ ట్రెక్కింగ్‌కి పేరుపడ్డ నెల, ఆకాశం తేటగా ఉండే నెల. అందుకే అంతమంది దారిలో ఉన్నారు.

మంచు ఎంతుందన్నదానికన్నా ఎంత వేగంగా పడిందన్నది ముఖ్యం. నెల రోజుల్లో మెల్లగా పడ్డ మీటరు మంచు సర్దుకుని గట్టిపడుతుంది. ఒక్క రాత్రిలో పడ్డ 30 సెంటీమీటర్లు కింది పొర మీద ఒక్కసారిగా బరువు మోపుతాయి. గంటకి 2 సెంటీమీటర్లకు మించి పడుతున్నా, 24 గంటల్లో 30 సెంటీమీటర్లు దాటినా ఆ వాలుల జోలికి పోకూడదు. గాలి ఇంకా మోసగాడు. ఆకాశం నీలంగా ఉండగానే గట్టుకి ఒక పక్కనున్న మంచుని ఊడ్చి రెండో పక్కన పోస్తుంది, మంచు కురిసే వేగానికి ఎన్నో రెట్ల వేగంతో. లెక్క చూడండి. గాలి లేకుండా పడ్డ కొత్త మంచు ఘనపు మీటరుకి 100 కిలోలనుకుంటే, 30 సెంటీమీటర్ల మందం చదరపు మీటరు మీద 30 కిలోలు మోపుతుంది. గాలి నొక్కి పేర్చిన మంచు 300 కిలోలుంటుంది. అదే మందం 90 కిలోలు మోపుతుంది. పైకి చూస్తే రెండూ తెల్లగానే ఉంటాయి.

ఇక్కడ మనవాళ్లకి ఒక వీలుంది. తుపాను దారి చూడటం మనకి చిన్నప్పట్నుంచీ అలవాటు. ట్రెక్కు అక్టోబరు, నవంబరుల్లో అయితే బంగాళాఖాతంలో అల్పపీడనం పుట్టిందా, ఉత్తరానికి తిరుగుతుందా అని చూడాలి. డిసెంబరు నుంచి మార్చి దాకా అయితే పడమటి నుంచి వచ్చే పశ్చిమ అలజడుల కబురు వాతావరణ శాఖ సూచనలో ఉంటుంది. అలజడి దాటాక 48 గంటలు దిగువనే ఉండాలి. ఆ 48 గంటలూ కొత్త మంచు కోసమే. పాత బలహీన పొర ఉన్నచోట అవి సరిపోవు, వారాలు పట్టొచ్చు.

దారింగిబాడి గడ్డి మీద కనిపించేదే

ఆ పాత పొర ఎలా పుడుతుందో చూడాలంటే చలికాలం కంధమాల్ కొండల్లోని దారింగిబాడి వెళ్తే సగం తెలుస్తుంది. మబ్బు లేని, గాలి కదలని రాత్రి నేల వేడంతా ఆకాశానికి పోయి, తేమ గడ్డిపరకల మీద తెల్లగా గడ్డకడుతుంది. తెల్లారకముందే ఫోటోలు తీసుకోవడానికి జనం పరిగెత్తేది దానికోసమే. హిమాలయంలో అదే రాత్రి, అదే పద్ధతిలో, మంచు ఉపరితలం మీద సన్నని రేకులు నిలువుగా మొలుస్తాయి. పొద్దున ఎండకి తళతళలాడతాయి, నడిస్తే కాలి కింద గలగలమంటాయి. చూడటానికి అంత అందమైన ఉదయం ఇంకోటుండదు. ఎండ తగలని వాలుల మీద అవి అలాగే మిగిలి, వాటి మీద కొత్త మంచు పడిందంటే, పట్టులేని పొర ఒకటి లోపల దాగినట్టే.

రెండో రకం నేల దగ్గర పుడుతుంది. మంచు కింద నేల ఇంచుమించు 0 డిగ్రీల దగ్గరుంటుంది. పైన మంచు ముఖం మైనస్ 15 ఉందనుకుందాం. మంచు మందం 60 సెంటీమీటర్లే అయితే మీటరుకి 25 డిగ్రీల తేడా పడుతుంది. తేడా మీటరుకి 10 డిగ్రీలు దాటితే లోపలి ఆవిరి కిందనుంచి పైకి పోతూ, గుండ్రంగా అతుక్కోవాల్సిన పలుకుల్ని కోణాలు తేలిన విడి గింజలుగా మార్చేస్తుంది. పిడికిట్లో పట్టి నొక్కినా ఉండ కట్టవు, వేళ్ల సందుల్లోంచి జారిపోతాయి. అదే మంచు 2 మీటర్లుంటే తేడా మీటరుకి 7.5 డిగ్రీలే, పొరలు గట్టిపడతాయి. కాబట్టి డిసెంబరులో "ఈ ఏడు మంచు తక్కువే పడింది, భయం లేదు" అని ఎవరైనా అంటే సరిగ్గా అప్పుడే భయపడాలి. తక్కువ మంచు, గట్టి చలి, ఆ తర్వాత జనవరిలో ఒక పెద్ద అలజడి. ఈ మూడూ వరసగా వస్తే పరిస్థితి అన్నిటికన్నా చెడ్డది.

మరి గొయ్యి తవ్వి చూసుకోవచ్చు కదా అని చదువుకున్నవాళ్లు అడుగుతారు. వీడియోలు చూసి నేర్చుకున్నవాళ్లు మరీను. అడ్డంగా 90 సెంటీమీటర్లు, వాలు పైకి 30 సెంటీమీటర్లు ఉండేలా మంచు దిమ్మెని చెక్కి, ఒక కొసన పార ఆనించి, మణికట్టుతో 10, మోచేతితో 10, భుజంతో 10 దెబ్బలు వేస్తారు. పగులు ఆ కొస నుంచి ఈ కొసకి ఒక్కసారిగా పాకితే ఆ వాలు ప్రమాదం. మంచి పరీక్షే, కొట్టిపారెయ్యను. అయితే అది చెప్పేది ఆ 90 సెంటీమీటర్ల గురించే. పది అడుగుల అవతల రాయి పొంచి ఉండి, మంచు పలచబడి, బలహీన పొర మనిషి కాలికి అందేంత పైకి వచ్చి ఉండొచ్చు. పగులు పాకలేదని "బాగుంది" అనుకోవడం కొత్తవాడు చేసే పెద్ద తప్పు. ఈ పరీక్ష ముందుకి పోకుండా ఆపడానికే పనికొస్తుంది, పొమ్మని చెప్పడానికి పనికిరాదు. ఎలాగూ కాదనడానికే వాడాలంటే, కాదని చెప్పే గుర్తులు గొయ్యి తవ్వకుండానే బోలెడు కనబడతాయి. పక్క వాలు మీద తాజాగా తెగిన మంచు. అడుగు వేస్తే "ధబ్"మని నేల కుంగిన చప్పుడు. కాలి దగ్గర్నుంచి ముందుకి పాకే గీత. మధ్యాహ్నం చీలమండ దాటి దిగబడే తడి మంచు. వీటిలో ఒక్కటి కనిపించినా వెనక్కి తిరగడమే.

చదును మీద నిలబడినా పగులు పైకి పాకి, పై వాలుని తెంపి మన మీదికి తెచ్చుకోవచ్చు. ఆ "ధబ్" వినిపించాక చదునుగా ఉన్న చోటుని కూడా నమ్మలేం. అందుకే పైన చెప్పిన రెండో కొలత.

గైడున్నాడు కదా

ఈ అభ్యంతరం గట్టిది. సాంక్రీలోనో జోషీమఠ్‌లోనో పుట్టి పెరిగిన గైడుకి మన కన్నా వెయ్యి రెట్లు తెలుసు. చలి, దారి, వాతావరణం, మనిషి ఓపిక అన్నీ తెలుసు. వాళ్ల మాట వినాలి. నా సందేహం వాళ్ల తెలివి మీద కాదు, మంచు నేర్పే పాఠం మీద. చెడ్డ వాలుని దాటిన ప్రతిసారీ అది తెగదు. నూరుసార్లు దాటి ఏమీ కాని మనిషికి ఆ వాలు మంచిదన్న నమ్మకం కుదురుతుంది, నిజానికి అదృష్టం తోడైంది. వేరే పనిలో తప్పు చేస్తే వెంటనే తెలుస్తుంది. ఇక్కడ తెలిసేటప్పటికి ఆలస్యమైపోతుంది. 2022 అక్టోబరు 4న ద్రౌపదీ కా దండా శిఖరం మీద ఉత్తరకాశీ నెహ్రూ పర్వతారోహణ సంస్థ జట్టుని అవలాంచ్ పట్టుకుని 29 మంది పోయారు. వాళ్లతో ఉన్నది దేశంలోకెల్లా పేరున్న శిక్షకులు. వాళ్లనెవరూ తక్కువ చేసి మాట్లాడకూడదు. అంత అనుభవానికే లొంగని మంచుని మనం చదివేస్తామనుకోవద్దని మాత్రమే అంటున్నాను.

అవలాంచ్‌లో చిక్కుకున్న చాలా సందర్భాల్లో, ఇంచుమించు పదింట తొమ్మిదింట, దాన్ని తెంపింది చిక్కుకున్న మనిషో అతని జట్టులోవాడో. జట్టు పెద్దదైతే? ఒకరి వెనక ఒకరు 25 మంది ఒకే వాలుకి అడ్డంగా నడుస్తుంటారు. తెగితే పది మంది ఒకేసారి. పద్ధతి ప్రకారం వాలుని ఒక్కొక్కరే దాటాలి. మిగతావాళ్లు తెగినా అందని చోట నిలబడి, దాటేవాణ్నే చూస్తుండాలి. వీపు సంచి నడుము బెల్టు విప్పాలి, కర్రల తాళ్లు మణికట్టు నుంచి తియ్యాలి. మనిషికి 2 నిమిషాలు వేసుకున్నా 25 మందికి 50 నిమిషాలు. శిఖరం మీద సూర్యోదయం చూపిస్తామని చెప్పి తెచ్చినవాళ్లకి ఆ 50 నిమిషాలు ఎక్కడివి? అందుకే మనిషికీ మనిషికీ మధ్య కొంచెం దూరం ఉంచి పంపుతారు. అదీ ఒక్కొక్కరు దాటడమూ ఒకటి కాదు.

చండీగఢ్ నుంచి డీఆర్‌డీఓ వారి డీజీఆర్‌ఈ సంస్థ జమ్మూకశ్మీర్, హిమాచల్, ఉత్తరాఖండ్ జిల్లాలకి 24 గంటల అవలాంచ్ హెచ్చరికలిస్తుంది. ప్రమాద స్థాయి, ఏ ఎత్తు పైన అన్నది అందులో ఉంటాయి. ట్రెక్కుకి వెళ్లే రోజు అది చూడకుండా అడుగు కదపకూడదు. అయితే జిల్లా మొత్తానికిచ్చే హెచ్చరిక మీ ముందున్న గట్టు గురించి చెప్పదు. అది తక్కువ స్థాయి చూపించినా 30 డిగ్రీల నియమం మారదు. కొత్తవాళ్లకి ఎప్పుడూ మారకూడదని నా పట్టుదల.

దీనివల్ల పోయేదేమిటో నాకు తెలుసు. చలికాలపు శిఖరాల్లో చాలావాటికి ఆఖరి మలుపు 30 దాటుతుంది. నియమం పాటిస్తే శిఖరం ఫోటో ఉండదు. అంత దూరం పోయి కింద ఆగిపోవడమా అని అడుగుతారు. ఆగిపోవాలి, మొదటి రెండు మూడు చలికాలాలు తప్పకుండా. విశాలమైన గట్టు వీపు మీద, బుగ్యాల్ అనే కొండపై గడ్డి మైదానాల్లో, 25 డిగ్రీల లోపు మంచు మీద ఆరు రోజులు నడవడం తక్కువ సంగతేం కాదు.

వంశధార ఇసుకలో, మిల్లు ఊకలో

ఇంత చెప్పాక కూడా మనిషి పూడిపోవచ్చు. అప్పుడు లెక్క నిమిషాల్లో ఉంటుంది. స్విట్జర్లాండ్ అనుభవం ప్రకారం 10 నిమిషాల్లోపు బయటికి తీస్తే పదిమందిలో తొమ్మిది మంది బతుకుతారు. అరగంటకి ముగ్గురే మిగులుతారు. 2016లో సియాచిన్ సోనం పోస్టు దగ్గర 25 అడుగుల లోతులో ఆరు రోజులు ప్రాణాలతో ఉన్న సైనికుడు హనుమంతప్ప కథ చాలామంది చెప్పుకుంటారు. ఆయన గుండె ధైర్యానికి దండం పెట్టాల్సిందే. కానీ ఆయన చుట్టూ గాలి మిగిలింది, బయటికి తీశాక కూడా మూడు రోజులే బతికారు. ఆ రోజు ఆయనతో పాటు పూడిపోయిన మిగతా తొమ్మిదిమంది, అందులో మన కర్నూలు జిల్లా జవాను, అక్కడే పోయారు. డెహ్రాడూన్ నుంచి హెలికాప్టర్ వస్తుందన్న ఆశ ఆ 10 నిమిషాల్లో పనికిరాదు. పక్కనున్నవాళ్లు తీస్తేనే.

దానికి మనిషికి మూడు వస్తువులు కావాలి: బీకన్ (ఒంటి మీదుండి సిగ్నల్ పంపే, పూడినవాడి సిగ్నల్‌ని వెతికిపట్టే చిన్న రేడియో యంత్రం), ప్రోబ్ కడ్డీ (మంచులో పొడిచి మనిషిని వెతికేది), పార. జట్టుకి మూడు కాదు, మనిషికి మూడు. ప్రోబ్ కడ్డీ 240 సెంటీమీటర్లకు తగ్గకూడదు. పార రేకు లోహానిదై ఉండాలి, ఆగిపోయిన అవలాంచ్ మంచు మీద ప్లాస్టిక్ పార విరుగుతుంది. ఇవి అద్దెకిస్తారా అని పోస్టర్ వేసినవాళ్లని అడగండి. "ఈ ట్రెక్కుకి అక్కర్లేదు" అంటే, దారిలో అన్నిటికన్నా నిటారు చోటు ఎన్ని డిగ్రీలని అడగండి. అంకె చెప్పలేకపోతే బయానా కట్టొద్దు.

వాడకం ఇక్కడే నేర్చుకోవచ్చు. ఒక బీకన్‌ని పంపే స్థితిలో పెట్టి, ప్లాస్టిక్ డబ్బాలో వేసి, గుణుపురం దగ్గర వంశధార ఇసుకలో అరమీటరు లోతున పూడ్చండి. స్టీలు డబ్బా వద్దు, సిగ్నల్ చెడుతుంది. 50 మీటర్ల చదరంలో ఎక్కడుందో తెలియనివాడు వెతకాలి. బీకన్లన్నీ 457 కిలోహెర్ట్‌జ్ మీద పనిచేస్తాయి. వెతికేది చూపించే బాణం తిన్నగా తీసుకెళ్లదు, వంపు తిరుగుతూ తీసుకెళ్తుంది. కంగారుపడకుండా బాణం వెంటే పోవాలి. దూరం చూపే అంకె పెరుగుతుంటే వెనక్కి తిరగాలి. 10 మీటర్ల లోపు నడక తగ్గించాలి. 3 మీటర్ల లోపు బీకన్‌ని నేలకి ఆనించి, తిప్పకుండా, ముందుకీ వెనక్కీ, తర్వాత అడ్డంగా జరిపి, అన్నిటికన్నా చిన్న అంకె ఎక్కడొస్తుందో పట్టుకోవాలి. ఫోన్ పంపేటప్పుడు 20 సెంటీమీటర్లు, వెతికేటప్పుడు 50 సెంటీమీటర్లు దూరంగా ఉండాలి. వీడియో తీస్తూ వెతికేవాడు తప్పు అంకెల వెంట తిరుగుతాడు. వాచీ, పవర్ బ్యాంకు, ఛాతీ మీద కెమెరా, అన్నిటికీ ఇదే. మూడు నిమిషాల్లో చోటు దొరికేదాకా చేస్తూనే ఉండండి.

కడ్డీ పోటు ఇసుకలో రాదు, బిగుసుకుంటుంది. రైస్ మిల్లు వెనక ఊక కుప్ప మేలు. పొగ లేని, కాలని ఊకే అయుండాలి, బూడిద కుప్పల్లో లోపల నిప్పుంటుంది. గోనెసంచిలో పాత బట్టలు కుక్కి ఒకటి, పక్కన చెక్క దుంగ ఒకటి, రాయి ఒకటి పూడ్చండి. వాలుకి లంబంగా, చిన్న అంకె వచ్చిన చోటు నుంచి చుట్టలు చుట్టలుగా, 25 సెంటీమీటర్లకొక పోటు వెయ్యాలి. రాయి "టక్"మని తగిలి చేతికి ఎదురు కొడుతుంది. దుంగ పొడిగా ఆపేస్తుంది. బట్టల మూట మెత్తగా ఆపి కాస్త వెనక్కి నెడుతుంది. మనిషి తగిలినప్పుడు చేతికి తెలిసేది అదే. ఆ తేడా కళ్లు మూసుకుని చెప్పగలిగేదాకా పొడవాలి. తగిలాక కడ్డీని పీకకూడదు. అది అక్కడే ఉండి తవ్వేవాళ్లకి దారి చూపిస్తుంది.

తవ్వడం కడ్డీ దగ్గర నుంచి కిందికి కాదు. మీటరు లోతుంటే, వాలుకి కిందివైపు మీటరు నుంచి మీటరున్నర దూరంలో మొదలెట్టి అడ్డంగా లోపలికి పోవాలి. ముందున్నవాడు మంచుని ముక్కలు కోస్తాడు, వెనకవాళ్లు ఎత్తకుండా వెనక్కి తోస్తారు, నిమిషానికోసారి ముందువాడు మారతాడు. పైన నిలబడి తవ్వితే కిందున్నవాడి నోటి దగ్గర మిగిలిన గాలి చోటు కూలిపోతుంది. మొదట ముఖం, తర్వాత ఛాతీ బయటపడాలి. ఊపిరి లేకపోతే ముందు 5 సార్లు నోటితో గాలి ఊది, తర్వాతే ఛాతీ నొక్కడం మొదలెట్టాలి. వీళ్లకి ఆగింది గాలి.

తిరుగు టికెట్

ఇవన్నీ తెలిసినవాళ్లు కూడా చెడ్డ రోజున పైకి ఎక్కేస్తారు. దానికి కారణం చాలాసార్లు రైలు. రాయగడలో సమతా ఎక్స్‌ప్రెస్ ఎక్కి నిజాముద్దీన్, అక్కణ్నుంచి డెహ్రాడూన్, ఆ పైన రోజంతా జీపు. పండగ రోజుల్లో తిరుగు టికెట్ నెలల ముందు కొంటారు, ట్రెక్కు ముగిసిన మర్నాటికే. దారిలో అలజడి వచ్చి రెండు రోజులు మంచు పడితే ఆగడానికి చోటుండదు. 48 గంటల నియమం కాస్తా ఒక పూటకి తగ్గిపోతుంది. ఎనిమిది మంది జట్టులో ఒకడికి భయమేసినా, మిగతా ఏడుగురి సెలవులూ డబ్బులూ గుర్తొచ్చి నోరు మెదపడు.

అందుకని తిరుగు టికెట్ రెండు రోజులు ఆలస్యంగా కొనండి. ఆ రెండు రోజులూ అక్కర్లేకపోతే ఉత్తరకాశీలోనో హరిద్వార్‌లోనో గడిచిపోతాయి. బయల్దేరేముందే జట్టంతా ఒక మాట అనుకోవాలి: ఎవరు ఒక్కరు వద్దన్నా ఆ వాలు ఎక్కం, కారణం అడగం, తర్వాత ఎత్తిపొడవం. ఆ మాట అక్కడ మంచులో నిలబడి కాకుండా, ఇక్కడే రాయగడ స్టేషన్‌లో సామాను సర్దుకుంటున్నప్పుడే అనుకోవాలి.